పొద్దుగూకితే పసిపాప ఏడుపు

సాయంత్రం ఆరు దాటింది. పొలం నుంచి మగవాళ్ళు ఇంటికి చేరే వేళ. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అంతవరకు తొట్టెలలో హాయిగా పడుకున్న ఆరు వారాల పాప ఒక్కసారిగా గుక్కపట్టి ఏడుపు లంకించుకుంది. ముఖం ఎర్రగా కందిపోయింది. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. కాళ్ళు కడుపులోకి ముడుచుకుంటోంది. పాలిస్తే రెండు గుక్కలు తాగి మొహం తిప్పేసుకుంటోంది. భుజాన వేసుకున్నా, ఒళ్ళో వేసుకున్నా ఏడుపు ఆగదు.

"నిన్న గూడ ఇదే యాళ్లకు మొదలువెట్టింది బిడ్డా, కడుపుల నొప్పి లేస్తున్నట్టుంది" అంటుంది అమ్మమ్మ. "నువ్వు పగటీలి పప్పు తిన్నవ్, అందుకే పిల్లకు వాతం చేసింది" అంటుంది పక్కింటి పెద్దమ్మ. "దిష్టి తగిలిందేమోనమ్మా, ఉప్పూ మిరపకాయలూ తిప్పెయ్యండి" అని క్యాంపు పిన్నిగారి సలహా. "ఆసుపత్రికి తీసుకుపోదామా?" అని ఫోన్లో తండ్రి కంగారు. బాలింత మాత్రం ఏమీ అనదు. పాపతో పాటు తనూ కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుంది.

ఇలాంటి ఇల్లు వర్నిలో ఏ వీధిలోనైనా కనిపిస్తుంది. నిజాంసాగర్ కాలువ నీళ్ళతో వరి పండే ఈ ప్రాంతంలో ఇక్కడి పల్లెల వాళ్ళూ, కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపుల్లో స్థిరపడిన వాళ్ళూ పక్కపక్కనే కాపురం ఉంటారు. మాట తీరు వేరు, కూరల రుచి వేరు. కానీ పొద్దుగూకగానే చంటిబిడ్డ ఏడుపు మొదలైతే పడే కంగారు మాత్రం అందరిదీ ఒక్కటే!

ఇంతకీ ఏమిటీ ఏడుపు?

డాక్టర్లు దీన్ని కోలిక్ అంటారు. మనవాళ్ళు కడుపు నొప్పి, శూల, గ్యాస్ అని రకరకాలుగా చెప్పుకుంటారు. బిడ్డ బాగా పాలు తాగుతూ, బరువు పెరుగుతూ, జ్వరం లాంటిదేమీ లేకుండా ఉండి కూడా రోజూ కొన్ని గంటలపాటు కారణం తెలియకుండా ఏడుస్తుంటే అది కోలిక్. 1954లో అమెరికాలో మోరిస్ వెసెల్ అనే పిల్లల డాక్టరు దీనికి ఒక లెక్క చెప్పారు. రోజుకు మూడు గంటలకు మించి, వారంలో మూడు రోజులకు మించి, మూడు వారాలకు మించి ఏడిస్తే కోలిక్ అనుకోవచ్చని. ఇప్పటి డాక్టర్లు గంటలు అంత కచ్చితంగా లెక్కపెట్టరు. అయిదు నెలల లోపు బిడ్డ, జబ్బు లక్షణాలేవీ లేకుండా, పెద్దవాళ్ళు ఎంత ఊరడించినా ఆగకుండా మళ్ళీ మళ్ళీ ఏడుస్తుంటే చాలు, ఇదేనంటారు.

ఇది అబ్బాయిలకూ వస్తుంది, అమ్మాయిలకూ వస్తుంది. తల్లిపాలు తాగే వాళ్ళకూ వస్తుంది, డబ్బా పాలు తాగే వాళ్ళకూ వస్తుంది. మొదటి కాన్పు బిడ్డకు రావచ్చు, మూడో కాన్పు బిడ్డకూ రావచ్చు. కారణం మాత్రం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. పుట్టిన కొత్తలో బిడ్డ పేగులు, మెదడు, నిద్ర ఇంకా ఒక దారిన పడవు. పగలంతా చూసిన వెలుతురు, విన్న చప్పుళ్ళు, చేతులు మారిన అలసట, అన్నీ కలిసి సాయంత్రానికి బయటపడతాయని చాలామంది డాక్టర్ల అభిప్రాయం.

ఆరు వారాల లెక్క

1962లో బ్రేజెల్టన్ అనే మరో అమెరికన్ డాక్టరు ఒక మంచి పని చేశారు. 80 మంది పసిపిల్లల తల్లులతో, బిడ్డ రోజూ ఎంతసేపు ఏడ్చిందో కాగితం మీద రాయించారు. జబ్బేమీ లేని మామూలు పిల్లలే వాళ్ళంతా. రెండు వారాల వయసులో రోజుకు సుమారు గంటా ముప్పావు ఏడ్చిన పిల్లలు, ఆరు వారాలకు వచ్చేసరికి రెండు ముప్పావు గంటలు ఏడ్చారు. ఆ తర్వాత ఏడుపు మెల్లమెల్లగా దిగిపోయింది. ఎక్కువ ఏడుపు సాయంత్రం పూటే!

అంటే చూడండి, ఏడుపు అనేది చెరువులోకి వరద వచ్చినట్టు పెరిగి, ఆరో వారానికి నిండి, మూడు నాలుగు నెలలకల్లా తగ్గిపోతుంది. ఏ మందూ వేయకపోయినా తగ్గుతుంది. ఈ సంగతి తెలియకపోవడం వల్లనే సగం కంగారు.

ఇక్కడ మన ఇళ్ళలో ఒక చిక్కు వస్తుంది. సరిగ్గా ఆరు వారాలకే బిడ్డకు టీకాలు. పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు వేస్తారు కదా. ఏడుపు ముదిరే వారం, సూది వేసే వారం ఒకటే అయ్యేసరికి "సూది పడలేదు, అందుకే ఇట్ల ఏడుస్తుంది, ఇంక సూదులు వద్దు" అంటారు పెద్దవాళ్ళు. సూది వేసిన చోట నొప్పి, కాస్త వెచ్చదనం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. దానికేం చేయాలో ఏఎన్ఎం చెబుతారు. కానీ రోజూ సాయంత్రం వచ్చే ఏడుపుకి సూది కారణం కాదు. దయచేసి టీకాలు మానకండి.

ఇంకో సంగతి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి పసిబిడ్డను చూసే పద్ధతిలో, ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆమె రావాలి. ఆఖరుది 42వ రోజు. అంటే ఏడుపు పతాక స్థాయికి చేరే రోజునే! ఆ రోజు ఆమె "పాప బాగుందా?" అని అడిగితే, "ఆఁ, బాగానే ఉందమ్మా" అని ఊరుకోకండి. రోజూ ఎంతసేపు ఏడుస్తోందో, మీరెంత అలసిపోతున్నారో దాపరికం లేకుండా చెప్పండి. బరువు చూడమనండి.

తప్పు తల్లిది కాదు

బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ ఇంట్లో వేలు బాలింత కంచం వైపే చూపిస్తుంది. పప్పు మానెయ్, కూరలు మానెయ్, పెరుగు ముట్టుకోకు, కారప్పొడి అన్నమే తిను అని. పాపం, ఆమె రాత్రంతా నిద్ర లేక, కడుపు నిండా తిండి లేక నీరసించిపోతుంది. అసలు పాలిచ్చే తల్లికి మామూలు రోజుల కన్నా ఎక్కువ తిండి కావాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు అన్నీ తినొచ్చు. తల్లి పప్పు తింటే ఆమె కడుపులో తయారయ్యే గాలి పాలలోకి రాదు.

ఒక్క సందర్భం వేరు. కొద్దిమంది పిల్లలకు ఆవు, గేదె పాలలోని మాంసకృత్తులు పడవు. అలాంటి బిడ్డకు విరేచనంలో రక్తం జీరలు, ఒంటి మీద ఎర్రటి దురద దద్దు, మాటిమాటికీ వాంతులు కనిపిస్తాయి. అప్పుడు తల్లిని కొన్నాళ్ళు పాలు, పెరుగు మానమని డాక్టరే చెబుతారు. చెప్పకుండా మీ అంతట మీరు మానేయాల్సిన పని లేదు.

"పాలు సరిపోవట్లేదేమో" అన్నది రెండో అనుమానం. రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా గుడ్డలు తడుపుతోందా? వారానికి 150 నుంచి 200 గ్రాముల దాకా బరువు పెరుగుతోందా? అయితే పాలు చాలుతున్నాయి. నీళ్ళు కలిపిన గేదె పాలు, డబ్బా పాలు మొదలుపెట్టకండి. పట్టించే తీరులో సందేహం ఉంటే అడగడానికి దూరం పోనక్కర్లేదు. మన బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రికి తల్లిపాలను ప్రోత్సహించినందుకు 2022లో జాతీయ స్థాయి గుర్తింపు దక్కింది. అక్కడి నర్సమ్మలను అడగండి, బిడ్డను పట్టుకునే పద్ధతి చేసి చూపిస్తారు.

ముందు ఒళ్ళంతా చూడండి

ఏడుపు మొదలవగానే మందుల కోసం వెతక్కండి. లైటు వేసి, బట్టలు విప్పి, బిడ్డను తల నుంచి కాలి వేళ్ళ దాకా ఒకసారి చూడండి.

గుడ్డ తడిసిందా? చెమట పోసిందా? ఎండాకాలంలో కూడా పొత్తిళ్ళలో బిగించి చుడితే ఉక్కకు ఏడుస్తారు. మొలతాడు, చేతి దారం, నల్లగాజులు బిగుసుకుపోయాయా? చీమ కుట్టిందా? కాలి వేళ్ళు, చేతి వేళ్ళు విడదీసి చూడండి. బాలింతలకు జుట్టు బాగా రాలుతుంది. ఒక్క వెంట్రుక బిడ్డ వేలికి చుట్టుకుని బిగిస్తే వేలు ఉబ్బి ఎర్రబడుతుంది. కంటికి ఆనదు కూడా. తీయడం రాకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. గజ్జల్లో గానీ, మగబిడ్డకు వృషణాల దగ్గర గానీ గట్టి వాపు ఉందేమో చూడండి. ఇవేవీ లేకపోతే, ఆకలీ కాకపోతే, అప్పుడు ఊరడించే పని మొదలుపెట్టండి.

ఎలా ఊరడించాలి?

మంత్రంలా పనిచేసే ఉపాయం ఒక్కటంటూ లేదు. ఈ రోజు పనిచేసింది రేపు పనిచేయకపోవచ్చు. ఒక్కొక్కటే, నెమ్మదిగా, పది నిమిషాల చొప్పున ప్రయత్నించండి. అన్నీ ఒకేసారి చేస్తే బిడ్డ ఇంకా బెదిరిపోతుంది.

• ఎత్తుకుని తిరగండి. "ఎత్తుకుంటే చెయ్యి మరుగుతుంది" అనే మాట ఈ వయసు బిడ్డలకు వర్తించదు. కెనడాలోని మాంట్రియల్‌లో 1986లో వెలువడిన ఒక అధ్యయనంలో, మామూలు పిల్లలను రోజూ మరి కాస్త ఎక్కువసేపు ఎత్తుకుంటే ఆరు వారాల వయసులో ఏడుపు బాగా తగ్గింది. బాగా ముదిరిన కోలిక్‌కు అంత ఫలితం రాకపోవచ్చు గానీ, ఎత్తుకోవడం వల్ల చెడేదేమీ లేదు.

• ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకోండి. బిడ్డ తల మీ మోచేతి దగ్గర, కాళ్ళు మీ అరచేతి వైపు ఉండాలి. రెండో చేత్తో వీపు నిమరండి. చాలామంది పిల్లలకు ఇది హాయిగా ఉంటుంది.

• పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు రానివ్వండి. ఒక రొమ్ము పూర్తిగా తాగాకే రెండో వైపు మార్చండి. చాలామంది అనుకున్నట్టు గ్యాస్ వల్లనే ఏడుపు కాదు. గుక్కపట్టి ఏడ్చినప్పుడే బిడ్డ గాలి ఎక్కువగా మింగుతుంది. అందుకే మధ్యలో తేన్పు తెప్పిస్తే కాస్త తేలికపడుతుంది.

• పాలు తాగిన అరగంట తర్వాత, కొంచెం కొబ్బరినూనె చేతికి రాసుకుని బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిక్కులో మెత్తగా నిమరండి. బిడ్డ రెండు కాళ్ళూ పట్టుకుని సైకిలు తొక్కినట్టు ఆడించండి. గట్టిగా నొక్కవద్దు.

• దీపం తగ్గించండి. టీవీ కట్టేయండి. చూడవచ్చిన వాళ్ళను నవ్వుతూనే అవతలి గదిలో కూర్చోబెట్టండి. ఫ్యాన్ చప్పుడు, మీ గొంతులో ఒకే తీరుగా సాగే జోల, ఇవే బిడ్డకు ఇష్టం.

• గోరువెచ్చని నీళ్ళతో సాయంత్రం స్నానం కొంతమందికి మేలు చేస్తుంది. సాంబ్రాణి పొగ మాత్రం వద్దు. పొగ ఏదైనా పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నిద్రపోయాక వెల్లకిలా పడుకోబెట్టండి. బోర్లా పడుకోబెట్టడం మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ళ ముందు మాత్రమే. తొట్టెలలో వేస్తే మెడ ముడుచుకుని గడ్డం గుండెలకు ఆనకుండా, ముక్కుకు చీర అడ్డం రాకుండా చూస్తుండండి.

నోట్లో ఏమీ వేయకండి

ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా అక్కర్లేదు. మరి గ్రైప్ వాటర్? 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్వర్డ్ అనే మందుల తయారీదారు మొదలుపెట్టిన మందు అది. అప్పట్లో అందులో సోపు జాతి గింజల నూనె, సోడా, పంచదారతో పాటు సారాయి కూడా ఉండేది! ఇప్పుడు సారాయి లేదు. కోలిక్‌ను తగ్గిస్తుందన్న గట్టి రుజువు కూడా లేదు. గ్యాస్ చుక్కలని అమ్మే సిమెథికోన్ కూడా ఉత్తి తీపి నీళ్ళ కన్నా ఎక్కువ పనిచేయలేదని పరీక్షల్లో తేలింది.

ఒక చుక్కల మందు విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. డైసైక్లోమిన్ అన్న పేరు సీసా మీద ఉందేమో చూడండి. ఆరు నెలల లోపు పిల్లలకు అది ఇవ్వకూడదు. ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. పెద్ద పిల్లకు రాసిన మందు ఇంట్లో ఉంది కదా అని చిన్నదానికి వేయకండి.

తేనె ఏడాది నిండేదాకా వద్దు. అందులో ఉండే ఒక రకం క్రిమి పసిబిడ్డ నరాలను చచ్చుబడేలా చేయగలదు. ఆముదం తాగించడం, వసకొమ్ము అరగదీసి నాకించడం, వాము నీళ్ళు, ఇంగువ నీళ్ళు పట్టడం మానండి. నిద్రపోతుందని గసగసాల పాలు, కల్లు చుక్క నాలుక మీద వేయడమంటే బిడ్డ ప్రాణంతో చెలగాటమే!

దిష్టి తీస్తారా, తీయండి. అమ్మమ్మ మనసుకు తృప్తి, బిడ్డకు నష్టం లేదు. కానీ ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా చేయనివ్వకండి. కడుపు నొప్పి పోతుందని కాల్చిన సూదితోనో, పసుపు కొమ్ముతోనో బిడ్డ పొట్ట మీద వాతలు పెట్టడం. కొన్ని పల్లెల్లో అక్కడక్కడా ఇంకా ఈ పని జరుగుతోంది. ఆ పుండు చీము పట్టి, విషం రక్తంలోకి ఎక్కి ప్రాణాలు పోయిన పసివాళ్ళున్నారు. "మా కాలంల పెడితే తగ్గలేదా?" అని పెద్దమ్మ అడుగుతుంది. తగ్గింది నిజమే అత్తమ్మా. మూడో నెల వచ్చింది కాబట్టి తగ్గింది, వాత వల్ల కాదు. ఈ జవాబు కోపం లేకుండా చెప్పండి. ఆమె కూడా మనవరాలి బాధ చూడలేకే అంటోంది.

తల్లిని ఎవరు ఎత్తుకోవాలి?

మూడు గంటల ఏడుపు వింటే ఎంత ఓర్పున్న మనిషికైనా చిరాకు, కోపం వస్తాయి. "ఛీ, నేనేం తల్లిని" అని తిట్టుకోకండి. అది అలసట. ఆ కోపంలో బిడ్డను పట్టుకుని ఊపేయడం మాత్రం ఎప్పుడూ జరగకూడదు. పసిబిడ్డ మెడకు బలం ఉండదు. గట్టిగా కుదిపితే మెదడులో రక్తం చిమ్మి చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. చేతులు వణుకుతున్నాయి అనిపిస్తే బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, బయటికి వచ్చి మొహం కడుక్కుని, మంచినీళ్ళు తాగి, పది నిమిషాల తర్వాత వెళ్ళండి. పది నిమిషాలు ఏడిస్తే బిడ్డకు ఏమీ కాదు.

ఏడుపు వేళ తెలిసిందే కాబట్టి ఇంటి పని కూడా దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. రాత్రి కూర మధ్యాహ్నమే వండి పెట్టండి. సాయంత్రానికి అన్నం ఒక్కటి వండితే చాలు. బాలింత అయిదు గంటలకే తినేయాలి. ఆరు నుంచి తొమ్మిది దాకా వంతులు వేసుకోండి. అరగంట అమ్మ, అరగంట అమ్మమ్మ, అరగంట నాన్న. అవును, నాన్న కూడా! పొలం నుంచి వచ్చి కాళ్ళు చేతులు కడుక్కుని పాపను భుజాన వేసుకుని వాకిట్లో నాలుగు సార్లు తిరిగితే ఆయన మర్యాద ఏం తగ్గదు. పుట్టింట్లో ఉంటే ఆ పని మేనమామ చేయొచ్చు.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోయినా, చావు ఆలోచనలు వచ్చినా అది "బాలింత చాదస్తం" కాదు. డాక్టరుకు చెప్పండి. 2022లో మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

వెంటనే డాక్టరు దగ్గరకు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా "కోలిక్కేలే" అని ఊరుకోకండి. అర్ధరాత్రి అయినా సరే వెళ్ళండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

• మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు, అంతకు మించిన జ్వరం. ఒళ్ళు చల్లబడిపోవడం కూడా అంతే ప్రమాదం.
• ఆకుపచ్చటి వాంతులు, చిమ్మినట్టు వచ్చే వాంతులు.
• విరేచనంలో రక్తం, కడుపు ఉబ్బి గట్టిపడటం.
• పాలు తాగకపోవడం, బట్టలా వేలాడిపోవడం, లేపినా లేవకపోవడం.
• ఊపిరి వేగంగా తీయడం, డొక్కలు ఎగరడం, ఫిట్స్.
• మాడు ఉబ్బడం, సన్నగా కీచుమనే కొత్త రకం ఏడుపు.
• కింద పడ్డాక మొదలైన ఏడుపు.
• రోజుకు ఆరుసార్ల కన్నా బాగా తక్కువ మూత్రం, బరువు పెరగకపోవడం.

ఇవేవీ లేకపోయినా మొదటిసారి ఏడుపు ఇలా మొదలైనప్పుడు ఒకసారి డాక్టరుకు చూపించడం మంచిదే. "బిడ్డకు ఏమీ లేదమ్మా" అన్న ఆ ఒక్క మాట విన్నాక ఇల్లంతా కుదుటపడుతుంది.

గోడకు ఉన్న క్యాలెండర్ తీసుకోండి. బిడ్డ పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టి 14వ వారం మీద పెన్సిలుతో ఒక సున్నా చుట్టండి. అది మూడో టీకా వేసే వారం. చాలా ఇళ్ళలో సాయంత్రపు ఏడుపు బాగా సద్దుమణిగే రోజులు కూడా అవే. అప్పటికి మీ పాప మిమ్మల్ని చూసి బోసినవ్వులు నవ్వుతుంటుంది. అంతవరకు ఒక్కొక్క సాయంత్రం గట్టెక్కించడమే పని. ఆ పని ఒక్క తల్లిది కాదు, ఇంటిల్లిపాదిదీ!